ఎడమ సగం

ఫిబ్రవరి పందొమ్మిది, బుధవారం. ఆ రోజు పొద్దున తిన్నది లోచో. సూరత్‌లో, ఖటోదరాలో మా బట్టల కార్ఖానా గేటు ఎదురుగా ఉండే బండివాడు ఆవిరి గిన్నెలోంచి వేడివేడిగా గీకి ప్లేటులో వేస్తాడు, పైన నూనె, కారం, సన్నటి సేవ్, పక్కన పచ్చిమిరపకాయ చట్నీ. మా కార్ఖానాలో నేత పనిచేసే లింగం తెచ్చాడు. ఒకటే ప్లేటు, రెండు చెంచాలు. తింటూ అతనేదో నవ్వులాట మాట అన్నాడు, నేనూ నవ్వాను. ఆ మాటేమిటో గుర్తులేదు, నవ్వినట్టు మాత్రం గుర్తుంది. పదిన్నరకు మొదటి తాకా వాపసు వచ్చింది. నూటపది మీటర్ల బట్ట చుట్ట, నేను చూసి, బాగుందని నా సంతకం ఉన్న చీటీ కుట్టి పంపింది, మార్కెట్ నుంచి టెంపోలో తిరిగొచ్చి ఫోల్డింగ్ గది గుమ్మంలో పడింది. విప్పితే పదకొండు చోట్ల చిల్లులు. చీటీ మీద సాంచ నంబరు, అంటే మరమగ్గం నంబరు, చూస్తే అది లింగం నడిపే సాంచ. అప్పటినుంచి ఆ లోచోను మనసులో ఎన్నిసార్లు తిన్నానో. అదే రోజు ఎందుకు తెచ్చాడు, ముందే తెలుసా, తెలిసే నన్ను మంచి చేసుకోవడానికి తెచ్చాడా, రెండో చెంచా తనే అడిగి తెచ్చాడు కదా, అంత శ్రద్ధ ఎందుకు? ఇరవై ఆరేళ్ళు బట్టలో తప్పులు వెతికినవాడికి మనిషిలో వెతకడం కష్టమేమీ కాదు. దొరకకపోతే దొరికేదాకా వెలుతురుకు ఎత్తి చూస్తాడు.

ఇప్పుడు ఏప్రిల్. సాయంత్రం ఆరు దాటింది. ఉధనా దగ్గర ఒక కంటి ఆసుపత్రి మొదటి అంతస్తులో, గోడకు ఆనించిన బెంచీ మీద కూర్చున్నాను. పరీక్ష అయిపోయింది, రిపోర్టు కోసం ఒక గంట కూర్చోమంది ఊర్మిళ. బెంచీ కొసన ఉన్న ఒక పెద్దామె అడక్కుండానే తన సంచి ఒళ్ళోకి తీసుకుని నాకు చోటిచ్చింది. ఇలాంటివి ఈమధ్య నాకు ఎక్కువగా కనిపిస్తున్నాయి, మా ఆవిడ ప్రమీల పోయినప్పటినుంచి. ఎవరో ఒకరు కొంచెం జరగడం, ఆటోవాడు నేను కూర్చునేదాకా బండి కదపకపోవడం, హోటల్లో టీ కప్పు అంచు తుడిచి ఇవ్వడం. కానీ వాటిని కూడా నేను రెండుసార్లు చూస్తున్నాను. జరిగింది జాలితోనా? నేను తూలుతున్నట్టు కనిపించానా? ఊర్మిళ మన పిల్లే, డిండోలిలో పుట్టి పెరిగింది, కళ్ళకు సంబంధించిన చదువు చదువుతోంది. వారం కింద ఫోన్ చేసి, అరవై దాటినవాళ్ళ కన్ను ఎలా కదులుతుందో, ఇరవై ఏళ్ళవాళ్ళది ఎలా కదులుతుందో పోల్చి చూస్తున్నామని, ఒక పూట రమ్మని అడిగింది. నా నంబరు ఎవరిచ్చారమ్మా అంటే, ఎవరో ఇచ్చిన్రు కాకా అంది. ఆ 'ఎవరో' వారం రోజులుగా నా చొక్కా కాలర్లో గుచ్చుకున్న పురికొసలా ఉంది. సూరత్‌లో అరవై దాటినవాళ్ళు ఎంతమంది లేరు, నన్నే ఎందుకు పిలవాలి, అదీ ఇప్పుడే, రేపు పొద్దున పదింటికి నేను లింగం మీద ఫిర్యాదు కాగితానికి సంతకం పెట్టాల్సి ఉండగా?

మా కార్ఖానా శేఠ్ అయి ఉండాలి. పోయిన నెల ఒక కుర్రాడు మెడలో పట్టీ వేసుకుని, చేతిలో బొమ్మల పుస్తకం పట్టుకుని వచ్చాడు. బట్ట మీద కెమెరా పెడితే తప్పును తనే పట్టుకుంటుందట. శేఠ్ నన్ను పిలిచి చూడమన్నాడు, నేను చూసి బాగుందన్నాను, ఇంకేమనాలి? ముందు నా కళ్ళు పనికిరావని ఒక కాగితం చేతికొస్తే నన్ను పంపడం సులువు. లేదా నీరజ అయి ఉండాలి, మా అమ్మాయి. బార్డోలీలో చక్కెర మిల్లు దగ్గర అల్లుడికి క్వార్టర్ ఇచ్చారు, ముందు గది ఖాళీగానే ఉంది నాన్నా, ఇంకెన్నేళ్ళు ఆ ట్యూబులైటు ముందు కూర్చుంటవ్ అని ప్రతి ఆదివారం ఫోన్లో అంటుంది. ప్రేమగానే అంటుంది. ప్రేమగా అనేవాళ్ళు వెనక ఏదో ఒక ఏర్పాటు చేసే ఉంటారు. లేదా లింగం. ఊర్మిళ వాళ్ళ గల్లీ వెనక గల్లీలోనే అతని ఇల్లు. ఈ మూడో మాట దగ్గరికి వచ్చేసరికి నా అరచేతులకు చెమట పడుతోంది, తుడుచుకోవడానికి రుమాలు తీస్తే, అది ఇస్త్రీ చేసి ఉంది, ఎప్పుడు చేశాను, నిన్న రాత్రి చేశాను, చేసినట్టు గుర్తులేదు, కానీ ఇంట్లో ఇంకెవరున్నారు.

పరీక్ష కూడా మామూలుగా లేదు. అక్షరాలు చదివించలేదు. చీకటి గదిలో గడ్డం ఒక గిన్నెలాంటి దాంట్లో పెట్టించి, నుదుటికి పట్టీ వేసి, ముందు తెర పెట్టింది. తల కదపొద్దు, ఖాళీ కండ్లే కదపాలె కాకా అంది. నడుమ ఒక చుక్క. అది మాయమై కుడికో ఎడమకో వెలుగుతుంది, అటు చూడాలి. ఇంతేనా అనుకున్నాను. ఇరవై నిమిషాలు అదే. మధ్యలో నాకు అనుమానం వచ్చింది. చుక్క వెలిగిన చోటికి నేను చూపు విసురుతున్నాను, దిగేసరికి అది అక్కడ లేదు, ఒక వేలెడు ఇవతల ఉంది. కదిలినట్టు కనిపించలేదు. కదిలినట్టు కనిపించకుండా కదిలింది. నేను దారిలో ఉన్నప్పుడు ఎవరో జరిపారు. గడ్డం గిన్నెలోనే ఉంచి, చుక్కను జరుపుతున్నరమ్మా మీరు అన్నాను. ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగింది. ఎవ్వరూ పట్టుకోరు కాకా, మీకెట్ల తెలిసింది అంది. అంటే నిజమే. జరుపుతున్నారు. కన్ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకేటప్పుడు మధ్యలో ఏమీ చూడదట, ఆ రెప్పపాటు గుడ్డిదట, ఆ గుడ్డితనంలో చుక్కను జరిపితే మనిషికి తెలియదు గానీ కన్నుకు తెలుస్తుందట. పదిసార్లు తప్పు చోట దిగాక, పదకొండోసారి అదే తన దూకును కుదించుకుంటుందట, మనల్ని అడక్కుండా. చిన్నవాళ్ళలో తొందరగా, పెద్దవాళ్ళలో ఆలస్యంగా. ఎంత ఆలస్యమో కొలవడమే ఆమె పని. ఆమె సంతోషంగానే చెప్పింది. నాకు మాత్రం, చూశావా, నీ అనుమానం నిజమైంది అని లోపల ఒకడు తొడ చరుచుకున్నాడు. చుక్కను జరిపేవాళ్ళు ఇంకేమేం జరుపుతారో.

తర్వాత ఉల్టా ఆట. చుక్క ఎటు వెలిగితే దానికి ఎదురు దిక్కు చూడాలి. చుక్కను చూస్తే ఓడినట్టు. నలభైసార్లలో ఇరవై ఏడుసార్లు ఓడిపోయాను. చూడొద్దు అనుకుంటూనే ఉన్నాను, పళ్ళు బిగించాను, అది వెలగగానే కన్ను వెళ్ళిపోయింది, వెళ్ళాక సిగ్గుపడి వెనక్కి వచ్చింది. నేను డిగ్రీ చదివాను, జగిత్యాలలో బీకాం, చెప్పింది అర్థం కాని మనిషిని కాదు. కానీ ఒక మచ్చ కనిపిస్తే అటు చూడకుండా ఉండటం నా చేతనైతే ఇరవై ఆరేళ్ళు నాకు జీతం ఎవరిచ్చేవారు? నూనె మరక, తెగిన పడుగు, తప్పిన పేక, ఏది తెల్లటి మీద కొంచెం తేడాగా మెరిసినా కన్ను పరుగెత్తాలి. అదే తిండి పెట్టింది. ఇప్పుడు ఒక ఆడపిల్ల, చూడకుండా ఉండగలవా అని అడుగుతోంది. వయసుతోటి అందరికీ ఆ బ్రేకు జర ఢీలా అయితది కాకా, మీకొక్కలికే కాదు అంది. ఓదార్చిందా, రాసుకుందా? రాసుకుంది కూడా, నేను చూశాను.

చూశాను. ఈ మాట మీదే రేపటి కాగితం నిలబడి ఉంది. ఫిబ్రవరి పందొమ్మిది తర్వాత ఇంకో ఏడు తాకాలు వాపసు వచ్చాయి, అన్నీ లింగం సాంచల మీద నేసినవే. శేఠ్ నన్ను పైకి, తన ఆఫీసు గదిలోకి పిలిచి, ఇదేంటి నరహరి భాయ్ అన్నాడు, గట్టిగా కూడా అనలేదు. ఆ రాత్రంతా నేను లెక్క కట్టినట్టు ఆలోచించాను. చిల్లి ఉంటే నాకు కనిపించకపోవడం జరగదు, కాబట్టి కనిపించింది. కనిపిస్తే సుద్దతో గుర్తు పెట్టకుండా ఉండను, కాబట్టి పెట్టాను. ఇప్పుడు బట్ట మీద గుర్తు లేదు, కాబట్టి నేను గుర్తులు లెక్కపెట్టి చీటీ రాసేలోపే ఎవరో తుడిచారు. గుర్తుకింతని కూలి కోస్తారు, తుడిస్తే లాభం ఎవరికి, నేసినవాడికి. నీళ్ళు తాగడానికని ఫోల్డింగ్ గదిలోకి వచ్చేది ఎవరు, లింగం. ఒకసారి అతని బొటనవేలికి, చూపుడువేలికి తెల్లగా అంటుకుని ఉండటం నా కళ్ళతో నేను చూశాను. ఇదంతా వరసగా శేఠ్‌కు చెప్పాను. లింగం ఒక్కటే మాట చెప్పాడు, ఎడమ అంచు దగ్గర బట్టను లాగిపట్టే ముళ్ళచక్రం అరిగిపోయింది, అదే చిల్లులు పెడుతోంది, మార్చమని దీపావళి నుంచి మొత్తుకుంటున్న అని. చిల్లులు పడ్డాయి సరే, నా గుర్తులు ఏమయ్యాయి అన్నాను నేను. అతని సాంచలు ఆరూ వారం నుంచి వేరేవాళ్ళు నడుపుతున్నారు. గుర్తులు లింగమే తుడిచాడన్న కాగితం మీద రేపు నేను సంతకం పెడితే అది చుట్టుపక్కల కార్ఖానాలన్నింటికీ వెళ్తుంది, ఖటోదరాలో లింగానికి ఇంకెవరూ సాంచలు ఇవ్వరు. గుజరాతీలో టైపు చేసి ఉంచారు, నేను చదివాను, తప్పుల్లేకుండా ఉంది. చదువుకున్న మనిషి సంతకం ఉంటే బాగుంటుందని శేఠ్ అన్నాడు.

ఎదురు బెంచీ మీద ఒకాయన, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది, జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అరచేతిలో పొగాకు వేసుకున్నాడు. డబ్బా రెండో కొసన మూత తీసి వేలితో సున్నం తీసి, బొటనవేలితో నలుపుతున్నాడు. కట్టు కట్టిన కంటితో కూడా చేతివైపు చూడకుండానే ఎంత ఒడుపుగా నలుపుతున్నాడో. ఆసుపత్రిలో ఇదేంటని నర్సు మందలిస్తే, ఖాయుంగా నహీ, సిర్ఫ్ బనా రహా హూఁ అన్నాడు, తినను, ఊరికే నలుపుతున్నానంతే అని, నర్సుకు నవ్వొచ్చింది. అతను డబ్బా మూసి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలికి, చూపుడువేలికి తెల్లగా అంటుకుని ఉంది. నేను పక్కకు చూశాను. లింగం పొగాకు వేసుకుంటాడు. ముప్ఫై ఏళ్ళుగా వేసుకుంటున్నాడు. అతని పళ్ళ రంగు నాకు తెలుసు, అతని డబ్బా మీద సిరిసిల్లలో గీయించుకున్న పేరు నాకు తెలుసు. అయితే ఏమైంది, పొగాకు వేసుకునేవాడు సుద్ద తుడవకూడదని ఉందా? లేదు. కానీ ఆ తెల్లటి వేళ్ళు నేను శేఠ్‌కు చెప్పినంత తెల్లగా లేవు ఇప్పుడు. ఫ్యాను తిరుగుతూ ఆగింది, ఎవరో లేచి దాని తల నావైపు తిప్పి వెళ్ళారు, ఎవరో చూడలేదు.

గుర్తులన్నీ ఎడమవైపే పోయాయి అన్నది కూడా నాకు అప్పుడే తెలుసు. ఎనిమిది తాకాలూ పరిచి చూస్తే చిల్లులన్నీ ఎడమ సగంలోనే. దానికీ నా దగ్గర జవాబుంది, ఫోల్డింగ్ గది తలుపు ఎడమవైపు ఉంది, తుడిచేవాడు అటునుంచే వస్తాడు, చెయ్యి అంతవరకే అందుతుంది. ఎంత బాగా కుదిరిందో. కుదిరినదాన్ని చూసి నేను మురిసిపోయాను. ప్రమీల ఉంటే ఏమనేది? ఆమె ఉంటే అసలు చిల్లి దాటేది కాదు. ఎడమ సగం ఆమెది.

వాలుగా ఉండే గాజుబల్ల, కింద ట్యూబులైట్లు, అడుగున ఉన్న రోలర్ నుంచి బట్ట పైకి పాకి మా ముందునుంచి వెళ్తూ ఉంటుంది. కుడివైపు స్టూలు మీద నేను, ఎడమవైపు స్టూలు మీద ఆమె. కాళ్ళ దగ్గర ఒక మీట, తప్పు ఎవరికి కనిపిస్తే వాళ్ళు తొక్కి ఆపాలి. ఇలా జోడీగా బట్ట చూసేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది, ఎవరూ నోటితో చెప్పరు, చేరిన వారంలో ఎవరికైనా తెలిసిపోతుంది. పక్కవాళ్ళ సగంలోకి చూడకూడదు. చూస్తే వాళ్ళ కన్ను మీద నమ్మకం లేదన్నట్టు. చేరిన కొత్తలో ఒకసారి నేను చూశాను. ఊరికే, ఆమె ఎలా చూస్తోందో అని. బట్ట ఆపకుండానే, నా వైపు తిరగకుండానే, నా దిక్కెందుకు చూస్తున్నవ్, నేను గుడ్డిదాన్నా అంది. ఆ రోజు టిఫిన్ డబ్బా నా ముందు పెట్టి తను వెళ్ళి ఆడవాళ్ళతో కూర్చుని తింది. రెండు రోజులు ముభావంగా ఉంది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళలో నేనెన్నడూ అటు చూడలేదు. కన్ను బట్ట నడుమకు వచ్చి, అక్కడేదో గోడ ఉన్నట్టు తగిలి, తిరిగి కుడి అంచుకు వెళ్ళేది. రోజుకు ఎన్ని వేలసార్లు వెళ్ళి తిరిగిందో. అనుమానపు మనిషినే నేను, ఆమే అనేది, కూరగాయలవాడి తక్కెడను కూడా కింద వంగి చూస్తవ్ అని. కానీ ఆమె సగాన్ని అనుమానించలేదు. నా జీవితంలో నేను తనిఖీ చేయకుండా సంతకం పెట్టిన చోటు అదొక్కటే. ఆ నడుమ గీతకు అవతల ఏముందో నాకు తెలియాల్సిన అవసరమే రాలేదు, అక్కడ ఆమె ఉంది.

రెండేళ్ళ కింద వానల్లో ఆమె పోయింది. కొన్నాళ్ళు ఆ స్టూలు మీద ఒక మరాఠీ అమ్మాయి కూర్చుంది, మంచి పిల్ల, తెలుగులో తిన్నారా అనడం నేర్చుకుంది. పెళ్ళి కుదిరి దీపావళికి మానేసింది. శేఠ్ ఇంకొకరిని పెట్టలేదు. బట్ట వేగం కొంచెం తగ్గిస్తాం, మీరొక్కరే చూడండి నరహరి భాయ్, మీ ఒక్కరి కళ్ళు ఇద్దరి కళ్ళతో సమానం అన్నాడు. పొంగిపోయాను. నా స్టూలు మధ్యకు జరుపుకున్నాను. పూర్తిగా మధ్యకు కాదు, కొంచెం. దీపావళి నుంచి ఫిబ్రవరికి ఎన్ని నెలలో వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, ఆపేశాను.

తలుపు తీసి ఊర్మిళ బయటికి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు, వాటి మీద మెట్లలా గీతలు. నా పక్కన చోటు లేకపోతే కింద మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు కింద కూర్చోవడం ఎవరు నేర్పారో ఈ పిల్లకు.

"కాకా, ఇది కుడి దిక్కు. చూడున్రి, ఒక్క దూకుల చుక్క మీద దిగుతున్నది, బరాబర్. ఇది ఎడమ దిక్కు. సగం దూరంల ఆగుతున్నది. ఆగి, జరసేపు ఉండి, మళ్ళ ఒక చిన్న దూకు. ప్రతిసారి గట్లనే."

"బీమారా అమ్మా?"

"కాదు. డాక్టర్ సాబ్ గూడ చూసిన్రు. కంటి లోపలి పర్దా, నరం అన్నీ మంచిగున్నయి. గిది నాకు పాత అలవాటు లెక్క కనబడ్తున్నది. మీరు ఎడమ దిక్కు సగం వరకే చూసే పని ఏమన్న చేసిన్రా, చానా ఏండ్లు?"

గీతల వైపు చూస్తున్నాను. పొడుగు మెట్టు, కొంచెం చదును, పొట్టి మెట్టు. పొడుగు మెట్టు, చదును, పొట్టి మెట్టు. ఆ చదునులో ఉన్నంతసేపు నేను ఎక్కడ ఉన్నాను, గోడ దగ్గర. ఆగి, మీట ఎవరైనా తొక్కుతారేమో అని చూసి, ఎవరూ తొక్కకపోతే అప్పుడు నెమ్మదిగా అవతలికి. ఆ లోపల బట్ట వెళ్ళిపోతుంది. బట్ట ఆగదు కదా. చిల్లి పైకి పాకి, రోలర్ మీదికెక్కి, చుట్టలో కలిసిపోతుంది. సుద్ద ఎవరూ తుడవలేదు. సుద్ద ఎవరూ పెట్టలేదు. పెళ్ళాం పోయిన మనిషి ఆమె సగంలోకి చూడలేదు, అంతే జరిగింది, దానికి ఆరు సాంచలు నడిపే మనిషిని దొంగను చేశాడు. ఊర్మిళ చెబుతూనే ఉంది. చిన్న వయసులో కన్ను కొత్త కొలత తొందరగా నేర్చుకుంటుందట, నా వయసులో దానికి ఇంకొన్ని రోజులు పడుతుందట, నేర్చుకోకపోవడమంటూ ఉండదట. రోజూ చేయడానికి ఒక చుక్కల ఆట ఫోన్లో వేసిస్తానంది. ఈ ఎడమ సంగతి మాత్రం ఎవరి రిపోర్టులోనూ తాను చూడలేదంది. ఆమె గొంతులో జాలి లేదు, పని మీద ఇష్టం ఉంది. అది నాకు ఎంతో హాయిగా అనిపించింది, ఆ క్షణంలో కూడా.

"నా నంబరు ఎవరిచ్చిన్రో చెప్పు బిడ్డా."

ఆమె కాగితాలు మడిచింది. "చెప్పద్దన్నరు."

"లింగమేనా?"

"ఆయనే. 'నా మాట ఆయన నమ్మడు, మిషిన్ మాట నమ్ముతడేమో' అన్నడు."

నా మూడు అనుమానాల్లో ఒకటి నిజమే. నన్ను పట్టించడానికే పంపాడు. నేను సరిగ్గానే పసిగట్టాను, చుక్కను జరిపిన సంగతి పసిగట్టినట్టే. ఇన్ని సరిగ్గా పసిగట్టి, ఆ చుక్క ఎక్కడుందో చూడలేకపోయాను.

మెట్ల మొదట్లో కిటికీ దగ్గర నిలబడి శేఠ్‌కు ఫోన్ చేశాను. పూజలో ఉన్నారన్నారు, ఆగుతానన్నాను. ఆగినంతసేపూ ఇంకొకడు నా లోపల తయారవుతున్నాడు, జాగ్రత్తగా మాట్లాడే బీకాం మనిషి. సంతకం పెట్టను అంటే చాలు కదా, కారణం ఎందుకు? గుర్తులు ఎలా పోయాయో తెలియదు అంటే చాలు, అది అబద్ధం కూడా కాదు. చిల్లులు ముళ్ళచక్రం వల్ల, చక్రం మార్చండి, అయిపోయింది. టేబులు ఉంటుంది. ఆ టేబులు లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాను? ఆమె కూర్చున్న చోటు పక్కన కూర్చోవడానికే కదా వెళ్తున్నాను, జీతానికా? శేఠ్ గొంతు వినిపించింది. నేను హిందీలో, ఎప్పుడూ మాట్లాడే కంటే నెమ్మదిగా, మొత్తం చెప్పాను. ఎవరూ తుడవలేదు, నేను చూడలేదు, ఎడమవైపు నా కన్ను సగంలో ఆగుతోంది, ఇక్కడ కాగితం మీద గీసి చూపించారు, లింగం తప్పేమీ లేదు, నేను మీకు చెప్పింది తప్పు. వాళ్ళింట్లో హారతి గంట ఇంకా మోగుతోంది. అయితే ఇప్పుడు బట్ట ఎవరు చూస్తారు అని అడిగాడు శేఠ్. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. ఎడమవైపు ఒక మనిషిని పెట్టండి అన్నాను. రేపు టేబులు దగ్గరికి వెళ్ళొద్దు, పైకి రండి, మాట్లాడదాం అన్నాడు. పైకి అంటే ఏమిటో, మామూలుగా అయితే రాత్రంతా దాన్ని వెలుతురుకు ఎత్తి చూసేవాణ్ణి. లింగాన్ని రేపటినుంచి రమ్మనమంటారా అంటే, ఆ, చెప్పండి అన్నాడు. ఆ రెండు మాటలూ చేతిలో పట్టుకున్నట్టు పట్టుకుని మెట్లు దిగాను.

డిండోలి వెళ్ళే షేర్ ఆటోలో నలుగురం. రోడ్డు పొడుగునా షాపుల లైట్లు ఎడమవైపు నుంచి వచ్చి కుడివైపుకు పోతున్నాయి, నేను కావాలని ఎడమకు చూశాను, పూర్తిగా, మెడ తిప్పకుండా. ఒక బట్టల కొట్టు, కారప్పూస అమ్మే ఒక ఫర్సాన్ దుకాణం, పార్వతీ టెంపో అని రాసి ఉన్న బండి, ఒక ఆడమనిషి పిల్లవాడి ముక్కు తుడుస్తోంది. ఇవన్నీ రోజూ ఉన్నాయన్నమాట. ఆటోవాడు నా గల్లీ దగ్గర ఆపబోతే ఇంకొంచెం ముందుకు అన్నాను. ఏం చెప్పాలో ముందే సర్దుకుందామనుకున్నాను, వరసగా పేర్చుకున్న మాటలన్నీ మళ్ళీ ఆ లెక్కల మనిషివే అయ్యాయి, ముందుగా, రెండోది, కాబట్టి. వదిలేశాను.

లింగం ఇల్లు రెండో అంతస్తు, గోడ బయట ఇనుప మెట్లు. ఎనిమిదిన్నర కూడా కాలేదు, తలుపు తీసే ఉంది. అతని భార్య సారక్క కింద కూర్చుని చీర మీద రాళ్ళు అంటిస్తోంది, వాళ్ళ మనవరాలు ఆమె తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. నన్ను చూసి సారక్క లేవబోయి, పిల్ల తల చూసుకుని ఆగిపోయింది. లింగం బనీను మీద గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. నేను గుమ్మం ఇవతలే నిలబడి చెప్పాను. ఎవరూ తుడవలేదు లింగం, నేనే చూడలే, ప్రమీల దిక్కు నా కన్ను పోతలేదు అన్నాను. అంతకంటే రాలేదు.

"గీ మాట శేఠ్‌కు చెప్పినవా?"

"చెప్పిన. రేపటినుంచి నిన్ను రమ్మన్నడు."

"నా దగ్గరికి రాకముందే చెప్పినవా, వచ్చినంక చెప్తనని వచ్చినవా?"

"ముందే చెప్పిన."

అతను తల ఊపాడు. ఇంకా నమ్ముతున్నాడో లేదో తేల్చుకుంటున్నట్టు నా మొహం చూశాడు. ఇప్పుడు చూసే వంతు అతనిది, నేను చూపు తప్పించుకోలేదు. సారక్క చేతిలో జిగురు సీసా అలాగే ఉంది.

"సాంచలు పోతే ఇంకో ఊరు ఉంటది అన్నా. రెండు నెల్లు నువ్వు నా మొఖం దిక్కు చూడలె. వాపసొచ్చిన బట్ట చూసినవ్, నా చెయ్యి చూసినవ్, నన్ను చూడలె. గదే తాకింది నాకు." సారక్క వైపు ఒకసారి చూశాడు. "వదిన ఉంటే చూసేది."

అవునన్నాను. లోపలికి రమ్మంటాడేమో అని ఎదురుచూడలేదు, క్షమించమని కూడా అనలేదు, అది అడిగితే ఇవ్వడమో మానడమో అతని మీద ఇంకో పని పెట్టినట్టు అవుతుంది. పొద్దున ఏడింటికి షిఫ్టు కదా, పడుకో అన్నాను. వెనక్కి తిరిగి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

"అన్నా. దిగేటప్పుడు ఎడమ దిక్కు రేలింగ్ లేదు. చూసుకుంట దిగు."

అది ఎత్తిపొడుపో, జాగ్రత్త చెప్పడమో అతని మొహంలో చూద్దామని తిరిగాను, అప్పటికే తలుపు సగం దాకా వచ్చింది. లోపల పిల్ల కదిలి ఏదో గొణిగింది. లింగం తలుపును రెండు చేతులా పట్టుకుని, కింద రాసుకోకుండా కొంచెం పైకెత్తి, చప్పుడు కానీయకుండా చౌకట్లోకి జరిపి, లోపలినుంచి మెల్లగా గడియ పెట్టుకున్నాడు.